పెద్దాయన చావనివ్వని కుర్రాడు

మావాడు ఆఫీసరయ్యాడండీ! అడవి శిక్షణంతా ముగించుకుని, రెండు కాళ్లమీద నిలబడి నా కళ్లకు కనబడ్డాడు! ఈ మాట అందరికంటే ముందు వినాల్సిన మా ఎదురు ఫ్లాటు పెద్దాయన మాత్రం, మావాడు ఆఫీసరయ్యే కవాతుకు ముందురోజే నిద్రలో పోయారు.

సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో మా తలుపులు ఎదురెదురు. నేను ఓడల యార్డులో వెల్డింగు చేసి బతికినవాణ్ణి, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆయన వయసులో ఉండగా గోదావరి జిల్లాల్లో టూరింగ్ టాకీసుల వెంట తిరిగి, ఇంగ్లీషు బొమ్మలకు తెర పక్కన నిలబడి తెలుగులో కథ చెప్పేవారట.

ఈమధ్య మన ఊళ్లనుంచి దిగుతున్న కుర్రాళ్లంతా చల్లగా కంప్యూటర్ల ముందు కూర్చుంటుంటే, ఇక్కడే పెరిగిన మావాడి చేతికి తుపాకీ వచ్చింది. ఇక్కడి మగపిల్లలకు కొన్నాళ్లు సైన్యంలో పనిచేయడం తప్పదు. నాకు అన్నం సహించేది కాదు. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం.

అది చూసి పెద్దాయన పాత ఇంగ్లీషు సినిమా వీసీడీ ఒకటి తెచ్చారు. మిలిటరీ కాలేజీ కుర్రాళ్ల కథ. పక్కన కూర్చుని, ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు పెట్టి చెప్పారు. బక్కపల్చటి కుర్రాడొకడు గుర్రం మీంచి పడి కదల్లేదు. నేను ఆయన చెయ్యి పట్టేసుకున్నాను.

"ఏం కాలేదు తమ్ముడూ, కాలు బెణికింది. వాళ్లమ్మ దగ్గరికి పంపేశారు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ బొమ్మ ఎన్నిసార్లు వేయించుకున్నానో!

ఒక ఆదివారం సెలవుకు వచ్చిన మావాడు అది చూసి, నేను చెప్పిన కథ విని నవ్వాడు. "కాలు బెణకడమేంటి నాన్నా? హీ డైడ్ లా!" అన్నాడు ఇక్కడి యాసలో.

ఎదురింటికి పరిగెత్తాను. "అబద్ధం ఎందుకు చెప్పారండీ?"

"వాణ్ణి చంపింది సినిమావాళ్లు. మళ్లీ నేనెందుకు చంపాలి? మీవాడు ఇల్లు చేరేదాకా నా బొమ్మలో ఎవడూ చావడు, పో!" అని కసిరారు. తర్వాత మెల్లగా, "నాకూ భయమేనయ్యా. చిన్నప్పుడు వాణ్ణి ఎత్తుకు తిరిగినవాణ్ణి" అన్నారు.

ఆ తర్వాత కూడా ఇద్దరం అదే బొమ్మ చూశాం. అంతా తెలిసే, కాలు మాత్రమే బెణికిందని నమ్మాను. మావాడు అడవిలో ఉన్న వారాలు ఆ నమ్మకంమీదే గడిపాను. ఆయన ఋణం ఎలా తీరుతుందండీ!

ఇక ఈ సంతోషం చెప్పాల్సినవాళ్లు: అనకాపల్లి పెద్దక్క, తుని బావ, మా మేనత్త, ఇక్కడే పుంగ్గోల్‌లో మేనకోడలు. ఆఖరున సామర్లకోటలో పెద్దాయన చెల్లెలు. "నావల్ల కాదు అంకుల్, అత్తయ్యకు మీరే చెప్పండి" అని ఆయన కొడుకు నా చేతులు పట్టుకున్నాడు. ఆవిడకు రెండు వార్తలూ నేనే చెప్పాలి. ఇంట్లో ఫోను లేదు, ఎదురు కొట్టువాళ్లు కేకేస్తారు. సింగపూర్ ఫోనంటే చాలు, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, నవ్వుతూ రోడ్డు దాటి వస్తుంది.