కింగ్‌స్నేక్‌ని గుర్తుపట్టిన అక్క

విదేశంలో, మాసన్ లేక్స్ అనే ఊళ్ళో నాతో ఇల్లు పంచుకున్న అక్క యూనివర్సిటీలో పాముల మీద పరిశోధన చేసేది. ఏ పామునైనా తల వాల్చి, నిద్రపోతున్న పసిబిడ్డను చూసినట్టు చాలాసేపు చూశాకే పేరు చెప్పేది.

చలి తగ్గుతున్న ఒక మధ్యాహ్నం లేక్ గట్టున, గడ్డిలో, నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలతో ఒక పాము మెరిసింది. అక్క కాసేపు చూసి, మెల్లగా చేతుల్లోకి తీసుకుంది.

"విషం లేదులే. కింగ్‌స్నేక్, అమెరికాది. ఈ దేశంలో బయట ఎవరూ చూసుండరు. ఎవరో దొంగచాటుగా పెంచి వదిలేసుంటారు."

"మనమూ వదిలేద్దాం అక్కా."

"వదిలితే ఇక్కడి పాముల్ని తినేస్తుంది. అధికారులకి రిపోర్ట్ చేస్తే, బయటి దేశపు పాము కదా, దీన్ని చంపేస్తారు."

నీటి మీద వెలుగు కదులుతోంది. చివరికి అక్కే అధికారులకి ఫోన్ చేసింది.

వాళ్ళొచ్చేదాకా ఎండ ఎటు జరిగితే అటు జరుగుతూ, దాన్ని వెచ్చగా పట్టుకుని కూర్చుంది.