కూలెంట్ డబ్బా మీద మరక

మా బాబాయికి కోపం రాదు. ఆయన వాటా కూడా నాకే వచ్చినట్టుంది, అందుకే ఈ సంగతి ఆయన కాక నేను రాస్తున్నాను. కాస్త తమాయించుకున్నాక రాద్దామనుకున్నాను. నాలుగు నెలలు చూశాను, నా వల్ల కాలేదు.

బాబాయి డయాలసిస్ కేంద్రంలో వ్యాన్ డ్రైవరు. పొద్దున్నే ఎనిమిదిమంది రోగుల్ని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని మెషీన్ల దగ్గరికి చేర్చడం, మధ్యాహ్నం మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపడం, పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. నేను అదే కేంద్రం ఆఫీసులో టైపిస్టుని.

ఆయనకి ఒక అలవాటుండేది. ఇంజను చల్లగా ఉండగానే, తాళం తిప్పకముందే, బానెట్ ఎత్తి రేడియేటర్ పక్కనున్న తెల్ల ప్లాస్టిక్ డబ్బా చూసేవాడు. ఇంజను వేడెక్కకుండా కాచే ఆకుపచ్చ నీళ్ళు, అదే కూలెంట్, ఉండేది అందులోనే. డబ్బా మీద పైనొక గీత, కిందొక గీత ఉంటాయి. నీళ్ళు ఆ రెండింటి మధ్యా ఉండాలి. చూడ్డానికి అర నిమిషం చాలు. కానీ మా వ్యాన్ డబ్బా పాతది. ఏళ్ళ తరబడి నీళ్ళు నిలిచిన మేరకి నాచురంగు మరక పట్టేసింది. లోపల చుక్క లేకపోయినా సగం నిండినట్టే కనిపిస్తుంది. అందుకని బాబాయి బంపర్ మీద చెయ్యి ఆనించి వ్యాన్‌ని రెండుసార్లు ఊపేవాడు. లోపల అల కదిలితే నీళ్ళున్నట్టు, లేకపోతే లేనట్టు. షెడ్డులో అందరూ ఆయన్ని 'ఉయ్యాల డ్రైవర్' అని ఏడిపించేవాళ్ళు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

ఇంతలో కొత్త రవాణా సూపర్‌వైజర్ దిగాడు. చొక్కా ఇస్త్రీ సాయంత్రం దాకా నలగని మనిషి. వచ్చిన వారంలోనే రూలు పెట్టాడు. డ్రైవర్లు బానెట్ ముట్టుకోకూడదు. తనిఖీ ఆయనదే, పుస్తకంలో టిక్కూ ఆయనదే. తాళం ఆరున్నరకి ఇస్తారు, ఆరూ ముప్పై అయిదుకల్లా వ్యాన్ గేటు దాటాలి.

బాబాయి వెళ్ళి చెప్పాడు. "సార్, ఆ డబ్బా ఊరికే చూస్తే తెలీదండి. బండి ఊపి చూడాలి."

"అది బండయ్యా, ఉయ్యాల కాదు. చెప్పింది చెయ్యి."

బాబాయి తలూపి వచ్చేశాడు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆ మనిషి రోజూ టార్చి వేసి మరకని చూసి టిక్కు కొడుతుంటే, ఈయన చేతులు కట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. నోట్లో నాలుక లేనట్టు!

పదకొండో రోజు వంతెన ఎక్కుతుండగా మాడు వాసన వచ్చింది. వేడి చూపించే ముల్లు మాత్రం కదల్లేదు. నీళ్ళే తగలకపోతే ముల్లుకి వేడి ఎలా తెలుస్తుంది? బాబాయి వెంటనే పక్కకి ఆపాడు గానీ, అప్పటికే ఇంజను పోయింది. ఇంకో వ్యాన్ రావడానికి రెండున్నర గంటలు పట్టింది. రోగుల్లో ఒక లెక్కల టీచరమ్మ ఉంది. కాళ్ళు వాచిపోయి, ఊపిరందక ఒరిగిపోయింది. బాబాయి పేవ్‌మెంటు మీద కూర్చుని అంతసేపూ ఆమె వీపుకి తన భుజం ఆనించి కూర్చోబెట్టాడు. ఆమె బతికింది. అయిదు రోజులు ఐసీయూలో ఉండి బతికింది.

మర్నాడు సూపర్‌వైజర్ నా బల్ల దగ్గరికొచ్చి కాగితం చెప్పాడు. 'డ్రైవరు కూలెంట్ చూసుకోకుండా నిర్లక్ష్యంగా బండి నడిపినందున...' పళ్ళు కొరుక్కుంటూ టైపు చేశాను. చేశాను మరి.

సంతకానికి పిలిస్తే బాబాయి కేంద్రం నడిపే పెద్ద డాక్టర్‌గారిని షెడ్డులోకి రమ్మన్నాడు. సూపర్‌వైజరూ, కాగితం పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాం. లాక్కొచ్చి పెట్టిన వ్యాన్ బానెట్ ఎత్తాడు బాబాయి.

"ఎంతుందండీ?"

డాక్టర్‌గారు వంగి చూశారు. "సగం ఉందిగా."

బాబాయి బండి ఊపాడు. ఏమీ కదల్లేదు. మూత తీసి కాగితం చుట్టి అడుగుదాకా దించి పైకి తీశాడు. తడి లేదు. సూపర్‌వైజర్ తెల్లమొహం వేశాడు. గొడవ తీరిపోయిందనుకున్నాను, నా పిచ్చి గానీ.

"అర్థమైంది," అన్నారు డాక్టర్‌గారు, మెత్తగా. "కానీ ఇన్సూరెన్స్‌కి ఏదో ఒక పేరు వెళ్ళాలి. నీది వెళ్ళనీ. నీకింకా రెండేళ్ళ సర్వీసే కదా, ఉద్యోగానికి నాది హామీ."

అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నేనే బాబాయి చెవి దగ్గర, "పెట్టెయ్ బాబాయ్. పిన్నికి ఏం చెప్తావ్?" అన్నాను.

బాబాయి కాగితం రెండుసార్లు చదివాడు. "చూడలేదన్న మాట నిజమేనండీ. పదకొండు రోజులు చూడలేదు. చూడొద్దన్నారని చూడలేదు. మరక సంగతి తెలిసుండీ తాళం పుచ్చుకున్నాను, అంతమందిని ఎక్కించుకున్నాను. నా తప్పు అదండీ. అది రాయించండి, సంతకం పెడతాను."

"ఆ 'వద్దన్నారు' అనే ముక్క కుదరదు," అన్నాడు సూపర్‌వైజర్.

"అయితే నా సంతకమూ కుదరదు."

గొంతు పెంచలేదు. బ్యాడ్జీ విప్పి డాక్టర్‌గారి చేతిలో పెట్టాడు. రెండేళ్ళ సర్వీసూ అక్కడే వదిలేసి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. పందొమ్మిదేళ్ళలో ఆయన్ని నేను అలా చూడలేదు. ఈలవేసి గంతులేయాలనిపించింది.

మర్నాడు సూపర్‌వైజర్ మళ్ళీ వచ్చాడు. పాత కాగితమే ఇంకో ప్రతి తియ్యమన్నాడు. కింద 'డ్రైవరు సంతకానికి నిరాకరించాడు' అని చేర్చమన్నాడు. ఆ నిర్లక్ష్యం మాట అబద్ధమని నాకు తెలుసు, అతనికి తెలుసు, పై గదిలో డాక్టర్‌గారికీ తెలుసు. నాకు ఉద్యోగం కావాలి. ఆ ముక్క చేర్చి, ప్రింటు తీసి, అతని చేతికిచ్చాను.

ఆదివారాలు బాబాయి మా ఇంటికొస్తాడు. నువ్వన్నా అక్కడ నిక్కచ్చిగా ఉండమ్మా అంటాడు. ఆ ప్రింటు సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు.