కంచె అవతలి గొయ్యి

అరకులో మా హోమ్‌స్టేకి వచ్చే టూరిస్టుల పిల్లలు ఈతకొలను లేదా అని మొహం మాడ్చుకునేవారు. అందుకని కిందటేడు ఒకటి కొన్నాను. తవ్వే పనిలేని రకం. ఇనప ఫ్రేముకి మందపాటి నీలం షీటు బిగిస్తే నేలమీదే నిలబడుతుంది. చదునైన నేల ఉంటే చాలన్నారు. మా కొండవాలులో చదును ఎక్కడిది? ఇంటి వెనక, కాఫీ తోటకు వెళ్ళే దారి పక్కన గొయ్యి తవ్వించి, ఆ మట్టిని ఇంటి ముందు పోయించి చదును చేయించాను.

పంచాయతీ అనుమతి కావాలన్నారు. సెక్రటరీ వచ్చి షరతులు చెప్పాడు. కొలను చుట్టూ మనిషెత్తు కంచె వేయాలి, గేటుకు తాళం ఉండాలి, ఎవరూ ఈదనప్పుడు నిచ్చెన తీసేయాలి. నాకు రూల్సంటే మహా ప్రీతి. ఆయన అడక్కపోయినా ‘అనుమతి లేనిదే లోపలికి రారాదు’ అని బోర్డు కూడా పెట్టించాను. ఆయన మెచ్చుకుని సంతకం పెట్టాడు. ఊళ్ళో నా అంత పద్ధతైన మనిషి లేడని నేను కూడా నమ్మేశాను. మట్టి తీసిన గొయ్యి సంగతి ఆయన అడగలేదు, నాకు తోచనూ లేదు.

వానలకు ఆ గొయ్యి నిండింది. ఒక సాయంత్రం, పక్క ఊరావిడ కూతురు, ఇంకా బడికైనా వెళ్ళని పిల్ల, మేకపిల్ల వెంట పరిగెత్తి అందులో పడింది. తోటలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు కేక విని దిగి లాగారు. నేను వెళ్ళేసరికి బురదనీళ్ళు కక్కుతోంది. బతికింది.

మర్నాడు పొద్దున్నే తల్లి మా గేటు దగ్గరికి వచ్చింది. దుమ్మెత్తిపోస్తుందనుకున్నాను, మాటలు పడడానికి సిద్ధపడే బయటికి వెళ్ళాను. ఆవిడ కొలను కంచెకున్న బోర్డు వైపు భయంగా చూసి చేతులు కట్టుకుంది.

“మా గుంట, సిన్నపిల్ల, తెలీక మీ జాగాలోకి వచ్చీసింది బాబూ. సెక్రటరీ బాబుకి సెప్పకండి. ఈపాలికి ఒగ్గేయండి.”

తప్పు నాదమ్మా అనాలి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. వరండాలో కాఫీ తాగుతున్న టూరిస్టులు ఇటే చూస్తున్నారు.

“సర్లే, ఇంకెప్పుడూ ఇటు రానివ్వకు” అన్నాను.

ఆవిడ దండం పెట్టి వెళ్ళిపోయింది.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, గొయ్యి ఆ రోజే పూడ్పించాను. ఆ బాబు మంచోడు, ఒక్క మాటా అనకుండా ఒగ్గీసినాడని ఆవిడ ఊరంతా చెబుతోందట.