దిగమని అడిగే ఆయన

పాలకొల్లు కాలవ గట్టున పాత కార్లు విప్పే షెడ్డాయన, ఏ కారొచ్చినా ముందుగా ఇంజన్ ఆయిలు డబ్బాలోకి దింపేవారు, చుక్క కూడా కాలవలో పడనిచ్చేవారు కాదు. "ఊరంతా తాగే నీళ్లండి," అనేవారు. తర్వాత కారు తలుపు తట్టి, "ఎవరైనా ఉంటే దిగండి," అని కాసేపు ఆగేవారు. కాలేజీకి వెళ్తూ చూసి లోలోపల నవ్వుకునేదాన్ని.

నాన్నగారు ఆసుపత్రి దారిలో మా కారు వెనక సీట్లోనే పోయారు. ఆ కారూ అక్కడికే చేరింది. అమ్మా నేనూ చూస్తుండగా షెడ్డాయన తలుపు తట్టారు. చాలాసేపు ఆగి, గ్యాస్ కట్టర్ కింద పెట్టేశారు.

"ఇవాళ కొయ్యనండి. పెద్దాయన ఇంకా దిగలేదు."

"ఒక్కరూ ఎలా దిగుతారు, ఓపికేదీ?" అంది అమ్మ. వెనక తలుపు తీసి చెయ్యి అందించింది. "రండి, ఇంటికెళ్దాం."

కుంగి ఉన్న సీటు మెల్లగా పైకి లేచింది. షెడ్డాయన ఇద్దరు పట్టేంత దారి వదిలి, పక్కకి తప్పుకున్నారు.