దారి అడిగే లోకేశ్వరక్క

మా లోకేశ్వరక్కకు తిరుపతిలో తెలియని దారి లేదు. దారి అడగకుండా ఆమె గడప దాటిన రోజూ లేదు. కొందరికి వక్కాకు అలవాటు, కొందరికి ముక్కుపొడి, ఈమెకు దారి అడగడం. రోజూ వెళ్ళే చోటికి అడుగుతుంది, నిన్న వెళ్ళొచ్చిన చోటికి అడుగుతుంది, ఒక్కోసారి తాను నిలబడి ఉన్న చోటికి కూడా అడుగుతుంది.

చివరి మాట నేను కల్పించింది కాదు. మా పరిచయమే అట్లా మొదలైంది.

ఒక ఆదివారం పొద్దున కొర్లగుంటలో మేముండే మేడ ముందర ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులో ఒక బీరువా, గ్యాస్ సిలిండరు, చుట్టిన పరుపులు, ప్లాస్టిక్ బిందెలు, ఆ బిందెల మధ్య ఇరుక్కుని ఇద్దరు పిల్లలు. డ్రైవరు పక్క నుంచి ఒకామె దిగింది. గోడ మీద ‘చంద్రకాంత నిలయం’ అని మూరెడేసి అక్షరాలున్నాయి. ఆమె సరిగ్గా వాటి కింద నిలబడి నన్ను పిలిచింది.

“తమ్ముడా, చంద్రకాంత నిలయం యాడుండాది?”

“ఇదేనక్కా” అన్నాను.

“ఇదేనా?” అని మేడను కిందినుంచి పైదాకా చూసి, అటుగా పోతున్న పాలాయనను ఆపింది. “అన్నా, చంద్రకాంత నిలయం ఇదేనంటాండాడు ఈయప్ప. నిజమేనా?”

పాలాయన నా వైపు అనుమానంగా చూశాడు. నేను చిన్నప్పటినుంచీ ఆయన దగ్గరే పాలు పోయించుకుంటున్నవాణ్ణి. “నిజమేనమ్మా” అని ఆయన పూచీ పడ్డాకగానీ ఆమె బీరువా దించనివ్వలేదు.

ఆమె నర్సు అని తర్వాత తెలిసింది. ఒక డాక్టరు చెప్పినదాన్ని ఇంకో డాక్టరు దగ్గర రూఢి చేసుకునే అలవాటు వృత్తి నుంచి వచ్చి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను.

వాళ్ళది పూతలపట్టు. ఆమె అన్నాళ్ళూ చిత్తూరులో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పనిచేసింది. భర్త శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పని. అక్కడే నలుగురితో కలిసి గదిలో ఉంటాడు, సెలవు దొరికినప్పుడు వస్తాడు. చిన్నవాడు యోగానంద ఒకసారి నాయనను చూసి “అమ్మా, మామ వచ్చినాడు” అన్నాడట. ఆ మాట విన్నాక ఇంక ఆమె ఆగలేదు. మధ్యలో తిరుపతిలో ఉంటే మనిషి కనీసం వారానికి రెండుసార్లైనా ఇంటికొస్తాడని లెక్కవేసుకుని, ఇక్కడొక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం వెతుక్కుంది. అదృష్టమో ఏమో, నేను ఎక్స్‌రేలు తీసేదీ అక్కడే. ఆరు నెలలు పని చూసి, నచ్చితేనే ఖాయం చేస్తామన్నారు.

“ఈ ఆర్నెల్లూ మాట రాకుండా గడిస్తే బిడ్డోళ్ళు ఈడ్నే సదువుకుంటారు జహీరూ. లేదంటే మళ్ళా అదే బండి, అవే బిందెలు” అంది.

ఆమె డ్యూటీకి పోయినప్పుడు పిల్లలు మా ఇంట్లో ఉండేటట్టు మా అమ్మ ఖాజాబీ మొదటిరోజే తీర్మానం చేసేసింది. “నా దగ్గర వదిలెయ్ బేటీ. నాకూ పొద్దు పోతాది.”

“వదుల్తానమ్మా. మీ ఇంటికి యాట్ల రావల్ల?”

మా తలుపుకూ వాళ్ళ తలుపుకూ మధ్య ఉన్నది రెండు జతల చెప్పులు. మా అమ్మ చెప్పుల వైపు చూసింది, లోకేశ్వరక్క వైపు చూసింది, చివరికి “సీదా రా” అంది.

ఈ దారి అడగడం వల్ల అందరికంటే ఎక్కువ బాధపడింది పెద్దపిల్ల నందిని. అది ఐదో తరగతి. సిగ్గు బాగా తెలిసే వయసు. బడి మొదలైన రోజు పిల్లల్ని దించడానికి నేనూ వాళ్ళతో ఆటోలో వెళ్ళాను. నందిని ఒళ్ళో ఫోను, ఫోన్లో మ్యాపు, అందులోంచి ఒక గొంతు ‘కుడివైపుకు తిరగండి’ అని మర్యాదగా చెబుతోంది. ఈమె ఆటో ఆపించి, సైకిళ్ళకు పంక్చర్లు వేసే ఆయన్ను అడిగింది. అవతలి మలుపులో పూలమ్మే ఆమెను అడిగింది. ఆ పక్కనే ఇడ్లీలు పెట్టే అక్కమ్మను అడిగింది.

“అమ్మా! ఫోన్లో చూపిస్తాంది కదా! మళ్ళా ఎందుకు అందరినీ అడగతావు? నగుతారు” అని నందిని ఏడుపుమొహం పెట్టింది.

“ఫోన్లో ఆయమ్మ దారి సూపిస్తాది గానీ, మన మొగం సూస్తాదా?” అంది లోకేశ్వరక్క.

యోగానందకు మాత్రం ఇదంతా పండగ. ఆ సాయంత్రం వాడు మా ఇంట్లో నడుముకు చేతులు పెట్టుకుని నిలబడి, “అవ్వా, బాత్రూము యాడుండాది? నిజమేనా? అన్నను గూడా అడిగేదా?” అని మా అమ్మను నవ్వించి చంపాడు.

నెల తిరిగేసరికి ఆ రోడ్డు పొడుగునా ఆమె పేరు తెలియని దుకాణం లేదు. ఒకరోజు తొందరలో ఆమె ఎవరినీ అడగకుండా పోతుంటే, అక్కమ్మ ఇడ్లీ పాత్ర మూత చేత్తో పట్టుకునే రోడ్డు మీదికొచ్చింది.

“ఏం లోకేశ్వరీ, ఈపొద్దు బడి దారి అడగలేదే? ఒంట్లో బాగలేదా?”

“మరిచిపోతినక్కా. యాట్ల పోవల్ల?”

“నేరుగా పో” అంది అక్కమ్మ, ప్రాణం కుదుటపడ్డట్టు.

ఆ వానాకాలంలో ఒక సాయంత్రం కుండపోత పడింది. రైలు వంతెన కింద నడుములోతు నీళ్ళు. బడి ఆటో ఎక్కడో ఆగిపోయిందని, పిల్లలు దిగి నడవడం మొదలుపెట్టారని, ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న మాకు డ్రైవరు ఫోను చేశాడు. మా అమ్మ ఫోను పలకలేదు. లోకేశ్వరక్క ఎవరినీ ఒక్క మాట అడగకుండా మెట్లు దూకుతూ దిగింది. ఆమె నోటి నుంచి ఆ ప్రశ్న అసలే రాకపోవడం అదే మొదటిసారి. నా స్కూటరు మీద, సగం దూరం తోసుకుంటూ, చుట్టు తిరిగి ఇల్లు చేరాం.

తలుపు తీస్తే పిల్లలిద్దరూ తల తుడుచుకుని, మా అమ్మ దుప్పటి కప్పుకుని, ఇడ్లీలు తింటున్నారు. పంక్చర్లాయన వాళ్ళను వానలో చూసి దుకాణంలోకి లాగాడట. వాన కాస్త తగ్గాక అక్కమ్మకు అప్పజెప్పాడట. అక్కమ్మ ఇడ్లీలు పొట్లం కట్టి, మన పాలాయన గొడుగు కింద పంపిందట. పాలాయన ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు, గొడుగు ఆరబెట్టుకుంటూ.

“ఆ ఇంటోళ్ళకు దారి తెలీదు కదప్పా, పాపం. అందుకే నేనే వదిలిపెట్టి పోదామని వచ్చినా” అన్నాడు నాతో.

లోకేశ్వరక్క పిల్లల్ని దగ్గరికి లాక్కుని, ఏడుస్తూ నవ్వింది. నందిని ఆ తర్వాత అమ్మను ఎప్పుడూ విసుక్కోలేదు. ఓహో, ఇదన్నమాట కిటుకు అనుకున్నాను నేను. తెలిసినవాళ్ళు లేని ఊళ్ళో పిల్లలకు కావలివాళ్ళను సంపాదించుకుంటోంది అని. ఎంత తెలివైన మనిషి అని రెండు రోజులు మెచ్చుకుంటూ తిరిగాను.

అయితే ఆసుపత్రిలో ఎందుకు అడుగుతున్నట్టు? అక్కడ పిల్లలు లేరు కదా.

మా ఆసుపత్రి ముందు హాల్లో ఎల్లప్ప అని సెక్యూరిటీ ఆయన ఉంటాడు. ఖాకీ బట్టలు, గుబురు మీసం, పలకరిస్తే చాలు సెల్యూట్ కొట్టే మంచి మనిషి. లోకేశ్వరక్క వచ్చాక ఆయన బతుకు తలకిందులైంది.

“అన్నా, రక్తం తీసే రూము యాడుండాది?”

“నేరుగా పోయి కుడిపక్క సిస్టరమ్మా.”

గంట తర్వాత మళ్ళీ. “అన్నా, ఎక్స్‌రే రూము యాడుండాది?”

“ఎడమపక్క నీలం తలుపు. నిన్న గూడా చెప్పినా కదమ్మా.”

మర్నాడు. “అన్నా, ఎక్స్‌రే రూము...”

“ఆడ్నే ఉండాదమ్మా! యాడికీ పోలేదు! గోడ కట్టి పెట్టినారు, అది కదలదు!” ఎల్లప్ప గొంతు మందుల షాపు దాకా వినబడింది.

చివరికి ఆయన ఓర్చుకోలేక మేనేజర్ గిరిప్రసాద్ గారి దగ్గరికి పోయాడు. కక్షతో కాదు, నిజమైన భయంతో. “సార్, ఆ కొత్త సిస్టరమ్మకు మతిమరుపుండాది సార్. మనిషి బంగారం. కానీ సూదులేసే మనిషి. రూము మరిచిపోతే నేను చెప్తాను. సూది ఎవురికి ఏసిందో మరిచిపోతే ఎవురు చెప్తారు?”

ఆ మాటలో న్యాయముంది. గిరిప్రసాద్ గారు టై కట్టుకుని తన గదిలోంచి కదలకుండా ఆసుపత్రి నడిపే మనిషి. నవ్వడు, అరవడు. ఆమెను పిలిపించాడు. ఇంటి పక్కవాణ్ణి కాబట్టి నన్నూ రమ్మన్నాడు. ఆరు నెలల గడువు అప్పటికి దగ్గరపడింది.

“ఐసీయూ ఎక్కడుంది?” అన్నాడాయన.

“రెండో అంతస్తు సార్. లిఫ్టు దిగితే కుడిపక్క. లిఫ్టు చెడిపోయిన దినాల్లో మెట్లెక్కితే ఎడమపక్క.”

“ఎక్స్‌రే?”

“నీలం తలుపు సార్. తలుపు మీద బోర్డులో సగం అక్షరాలు రాలిపోయినాయి.”

“అన్నీ తెలుసు. మరి రోజూ ఎల్లప్పను ఎందుకు అడుగుతున్నారు? మీకేదైనా జబ్బుంటే చెప్పండి, దాచొద్దు.”

ఆమె నా వైపు చూసింది. ఇప్పుడు ఏదో ఒకటి చెప్పకపోతే బిందెలు మళ్ళీ బండెక్కుతాయని నాకు భయం పట్టుకుంది.

“చెప్పక్కా” అన్నాను.

“జబ్బేం లేదు సార్” అంది మెల్లగా. “వడమాలపేట కాడినుంచో యాడినుంచో ఒక పెద్దాయన వస్తాడు. చేతిలో చీటీ ఉంటాది. సదవను రాదు. పక్కన కోడలు ఉంటాది. కోడలి ముందర తెలీదని ఎట్లా అంటాడు? ఆ స్తంభం కాడ నిలబడి, బోర్డులన్నీ సదివినట్టు సూస్తా ఉంటాడు. నేను పోయి ‘రా తాతా, నేను తీసకపోతా’ అంటే తెలీనోడు ఆయనవతాడు. అదే నేను పోయి ఎల్లప్పన్నను గట్టిగా అడిగినాననుకో సార్, తెలీనిదాన్ని నేనవుతాను. ఆయన ఇనేసి, కోడలితో ‘రా, నాకు తెలుసులే’ అని ముందర నడస్తాడు.”

నేను ఎన్నోసార్లు ఆ నీలం తలుపు తీశాను. ఆమె గొంతు విన్న కాసేపటికి ఎవరో ఒకరు వచ్చి నిలబడడం కూడా చూశాను. ఆ రెండింటికీ ముడిపెట్టాలని ఒక్కనాడూ తోచలేదు.

“అందరి ముందరా మిమ్మల్ని మతిలేనిదనుకుంటున్నారు. మీకేమీ అనిపించదా?” అన్నాడు గిరిప్రసాద్ గారు.

“నాకేముంది సార్. ఊరికి కొత్తగా వచ్చినదాన్ని. కొత్తోళ్ళు అడిగితే ఎవురూ తప్పనుకోరు.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “సరే, పనికి వెళ్ళండి” అన్నాడు. అంతే. మంచి మాట లేదు, చెడ్డ మాట లేదు. ఆ వారమంతా ఆమె అన్నం సరిగ్గా తినలేదు. మా అమ్మ రెండుసార్లు బిర్యానీ చేసినా లాభం లేకపోయింది. వారం చివర్న ఉద్యోగం ఖాయమైందని కబురొచ్చింది. ఆ ఆదివారం భర్త వచ్చాడు. యోగానంద ఆయన చెయ్యి పట్టుకుని వీధి వీధీ తిప్పుతూ, ప్రతి దుకాణం ముందూ “ఈయనే మా నాయన” అని అందరికీ చూపించాడు.

ఎల్లప్పకు సంగతి చెప్పింది నేనే. విని ఆయన చెంపలేసుకున్నాడు. అప్పటినుంచి ఆయన విజృంభించాడు. ఆమె “అన్నా...” అనడం ఆలస్యం, చేతులు రెండూ చాచి, నాటకంలో కేకలు పెట్టే రాజులాగా “నేరుగా పోయి! ఎడమపక్క! నీలం తలుపు!” అని మొత్తం హాలుకు వినిపిస్తాడు. కాలు విరిగినవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచి నిలబడుతున్నారు.

అసలు విశేషం ఆ తర్వాతి సోమవారం జరిగింది. నేను లోపల ఫిల్ములు సర్దుకుంటున్నాను. బయట ఎల్లప్ప గొంతు ఎన్నడూ లేనంత జోరుగా మోగింది. తలుపు తెరుచుకుంది. చూస్తే గిరిప్రసాద్ గారు. టై, బూట్లు, కళ్ళద్దాలు. ఆయన వెనక చెయ్యి గుడ్డతో మెడకు కట్టుకున్న ఒక అవ్వ, ఆమె వెనక ఒక మొగుడూ పెళ్ళాం, వాళ్ళ వెనక ఇంకెవరెవరో, వరసగా, ఊరేగింపులాగా. ఆ వరస చివర్న చక్రాల కుర్చీ తోసుకుంటూ లోకేశ్వరక్క.

దారి అడిగినవాడు నడవాలి కదా. నడిచాడు. ఇక్కడిదాకా వచ్చాక ఏం చెయ్యాలో ఆయన ఆలోచించుకున్నట్టు లేదు. గుమ్మంలో నిలబడిపోయాడు.

“రండి సార్” అన్నాను. “ఎక్కడ నొప్పి?”

ఆయన నోరు తెరిచేలోగా అవ్వ మంచి చేత్తో ఆయన్ను లోపలికి మెల్లగా నెట్టింది.

“ముందు ఆయనకు తియ్యి నాయనా. మేము ఆగుతాం. పాపం, అంత సదువుకున్నోడు, దారి గూడా తెలీక ఆ సెక్యూరిటీ అబ్బోడిని అడుక్కుంటాండాడు.”

అక్క చప్పున మొహం పక్కకు తిప్పుకుంది. నేను నవ్వు ఆపుకోలేక ఫిల్ము డబ్బా వెనక దాక్కున్నాను.

గిరిప్రసాద్ గారు మాత్రం నవ్వలేదు. అవ్వ వైపు తిరిగి, ఎంతో వినయంగా అన్నాడు.

“అవునవ్వా. కొత్తగా వచ్చినాను.”