అక్క పేరున్న చిమ్మట

మ్యూజియంలో ఆయన పని చచ్చిన చిమ్మటలు ఏ జాతివో తేల్చడం. వీధిలో అందరూ పురుగులాయన అనేవాళ్ళు. ఆయన ఎదుట కాదు, ఆయన అక్క ఎదుట అసలే కాదు. ఆ మాట చెవిన పడితే ఆవిడ ఊరుకునే మనిషి కాదు. చిన్నప్పుడు దీపం చుట్టూ తిరిగే పురుగుల మీద గ్లాసు బోర్లించి తమ్ముడికి పట్టిచ్చింది ఆవిడే. అందుకే ఎడారి కొండల నుంచి వచ్చిన ఒక చిమ్మట కొత్త జాతిదని తేలగానే ఆయన దానికి అక్క పేరు పెట్టాడు. పెట్టినవాడు అచ్చయ్యేదాకా నోరు మూసుకోవచ్చుగా? మూసుకోలేదు. ఇంకేముంది, పాలవాడు మొదలుకొని పక్కింటి టైలరమ్మ దాకా ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు.

ఆ చిమ్మట గురించి ఆయన రాసిన వ్యాసానికి సైన్సు పత్రికవాళ్ళు చివరి ప్రూఫు పంపారు. సరే అంటే రేపు అచ్చుకు వెళుతుంది. పరీక్ష కోసం చిమ్మట పొట్ట కోయకముందు తీసిన ఫొటో చూస్తూ ఆయన ఆగిపోయాడు. పురుగు నడుము దగ్గర జిగురు మెరుస్తోంది.

ఆ జిగురు పెట్టింది తనే. ఎండిన చిమ్మటలు పార్సిలు కుదుపులకు విరగడం, ఊడిన పొట్టను మళ్ళీ అతికించడం ఆ పనిలో మామూలే. కానీ ఎడారి కొండల నుంచి వచ్చిన ఆ పార్సిలు పెట్టెలో పొట్టలు ఊడింది రెండింటికి. ఒకటి కొండ మీది జాతి, ఇంకోటి కొండ కింద ఇసుకలో తిరిగే జాతి. చిమ్మట జాతిని చివరికి తేల్చేది పొట్ట కొసనున్న అవయవాలే. తన పురుగుకు రెక్కలు కొండ జాతివి, పొట్ట అచ్చం ఇసుక జాతిది. అలాంటిది ఇంతవరకూ ఎవరూ చూడలేదు కనుక కొత్త జాతి అన్నాడు. పొట్టలు గానీ తారుమారయ్యాయా?

ఆ ఇసుక జాతి పురుగును బయటికి తీసి, పొట్ట విడదీసి, మెత్తబడడానికి క్షారపు నీళ్ళలో వేసి వేడిచేశాడు. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాడు. ఈలోగా అక్క ఫోన్. పత్రిక వచ్చాక ఆ పేజీకి ఫ్రేము కట్టించాలట, గోడ మీద చోటు కూడా చూసిపెట్టిందట. ఊఁ అన్నాడు. అలాగే వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది? రెండు పురుగులూ తన సొరుగులోవే. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా అది వదల్లేదు.

బ్రష్షుతో పొలుసులు తుడిచి మైక్రోస్కోపు కింద పెట్టాడు. కొండ జాతి పొట్ట, సందేహం లేదు. ఒకదాని పొట్ట ఇంకోదానికి అతికించి, ఆ అతుకులబొంతకు అక్క పేరు పెట్టాడు మహానుభావుడు.

ఫోన్ చేసి వ్యాసం ఆపించడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇంటికి నడవడానికే చాలాసేపు పట్టింది. జరిగిందంతా అక్కకు తల వంచుకునే చెప్పాడు.

"నా పేరు పోతే పోయింది, పురుగైతే ఉంటుంది కదా?" అంది.

"లేదక్కా. అలాంటి పురుగే లేదు. నేనే అతికించాను."

ఆవిడ ముఖం వాడిపోయింది. "వీధంతా చెప్పుకున్నానురా," అంది.

ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. టైలరమ్మకు తానే వెళ్ళి చెబుతానన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు, చెప్పులు వేసుకుని చరచరా పక్కింటికి వెళ్ళింది. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"నా పేరు పెట్టిన పురుగు లేదమ్మా," అక్క గొంతు గోడ దాటి వినిపించింది. "అలాంటిది లేనే లేదని మావాడే కనిపెట్టాడు."