సమ్మె రోజు సాంబారు

ఇది ఒక మహా పోరాట గాథ. కాదులెండి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో వంటవాళ్లం వారానికో సెలవు అడిగిన కథ. నాయకుణ్ణి నేనే, గొంతు పెద్దది కాబట్టి. సెలవు నిజంగా కావలసింది మాత్రం, ఒడిశా నుంచి పెళ్లయి వచ్చి మాతో వంట చేస్తున్న అక్కకి. ఆమె ఇల్లు చేరేసరికి కూతురు రోజూ నిద్రపోయి ఉంటుంది.

పొయ్యిలు ఆర్పి గేటు ముందు టెంటు వేశాం. కాసేపటికి మాకే ఆకలైంది.

"ఉత్తగ కూసునుడెందుకు, జర సాంబారు పెడదం" అన్నాను.

టెంటు పక్కనే రాళ్లపొయ్యి పెట్టాం. అలవాటైన చేతులు కదా, హాస్టల్ మొత్తానికీ సరిపడా కాచేశాం. వాసనకు పిల్లలు పళ్లేలతో దిగారు. వెనకే ఓనర్ గారూ.

"ఏంది తమ్మీ, గిది సమ్మెనా, ఫంక్షనా?" అంది అక్క.

"సాంబారు అదిరిందయ్యా, ఇంకో గరిటె వెయ్యి" అన్నారు ఓనర్.

నేను వెయ్యబోయాను. అక్క గుండిగ మీద మూత పెట్టేసింది.

"సెలవియ్యి సార్, అప్పుడేస్త."

పిల్లలందరూ ఆయన వైపే చూశారు.

"సరేలేమ్మా, మంగళవారం తీసుకోండి."

నేను రాసుకున్న ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది.

అక్కా నేనూ ఉండే ఎల్బీనగర్ గల్లీలో నల్లా వచ్చేది మంగళవారమే. నీళ్లు పట్టడానికి రోజంతా ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. ఇక ఆ ఒకరం మేమే.